కళాశాల విశ్వవిద్యాలయమైనప్పుడు: విజయనగరం ఉదాహరణగా ఒక సంవాదం

విజయనగరం శివార్లలోని ద్వారపూడిలో 2007లో ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాల మొదలైంది. హైదరాబాదు కేంద్రంగా రాష్ట్రమంతటికీ విస్తరించిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయానికి (జేఎన్‌టీయూ) అప్పట్లో అది ఒక అంగం. మరుసటి ఏడాది ఆ విశ్వవిద్యాలయాన్ని శాసనసభ నాలుగుగా విడగొట్టడంతో కళాశాల కాకినాడ జేఎన్‌టీయూ కిందికి వెళ్లింది. ఆ 2008 చట్టానికి తెచ్చిన సవరణ వల్ల 2022 జనవరిలో అదే కళాశాల ‘జేఎన్‌టీయూ గురజాడ, విజయనగరం’ పేరుతో రాష్ట్ర విశ్వవిద్యాలయమైంది. అంతవరకు కాకినాడ పరిధిలో ఉన్న శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతపు కళాశాలలు దాని పరిధిలోకి వచ్చాయి. పదిహేనేళ్లలో ఒకే ప్రాంగణం మూడు హోదాలు చూసింది.

ఇలాంటి మార్పు తెలుగునాట కొత్త కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1967లో గుంటూరులో పెట్టిన పీజీ కేంద్రం 1976లో నాగార్జున విశ్వవిద్యాలయమైంది. అనంతపురంలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పీజీ కేంద్రం 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. ఎచ్చెర్లలోని ఆంధ్ర విశ్వవిద్యాలయ కేంద్రం 2008లో అంబేద్కర్ విశ్వవిద్యాలయమైంది. ముందు జిల్లాలో ఒక కళాశాలో, పీజీ కేంద్రమో వెలుస్తుంది. కొన్నేళ్లకు జనం కోరిక ఎన్నికల హామీగా మారుతుంది. ఆ తర్వాత శాసనసభలో బిల్లు, దాని వెనకే గెజిట్.

ఈ మార్పు వల్ల ప్రాంతానికీ, విద్యార్థికీ ఒరిగేదెంత? ఈ ప్రశ్న మీద రెండు పక్షాలు చాలాకాలంగా వాదిస్తూనే ఉన్నాయి. ఆ వాదాలు ఇక్కడ సమర్థకుడు, ఆక్షేపకుడు అనే ఇద్దరి మాటల్లో వరుసగా ఉన్నాయి.

చట్టం చేసే పని

సమర్థకుడు: పట్టా ఇచ్చే అధికారం ఎక్కడి నుంచి వస్తుందో ముందు చూడాలండీ. 1956 నాటి విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు పార్లమెంటు గానీ రాష్ట్ర శాసనసభ గానీ చట్టం చేసి నెలకొల్పిన విశ్వవిద్యాలయాలకు, డీమ్డ్ హోదా పొందిన సంస్థలకు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలకు మాత్రమే ఉంటుంది. విశ్వవిద్యాలయాన్ని స్థాపించే అధికారం రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితా 32వ అంశం కింద శాసనసభకు ఉంది. ప్రభుత్వం జీవో ఇచ్చి గేటు మీద బోర్డు మార్చగలదు, నిధులూ ప్రకటించగలదు. పట్టా మీద సంతకం చెల్లాలంటే మాత్రం చట్టం కావాలి. హైదరాబాదులోని కోఠీ మహిళా కళాశాలను విశ్వవిద్యాలయం చేస్తున్నట్టు తెలంగాణ ప్రభుత్వం 2022లో ప్రకటించింది. విశ్వవిద్యాలయాల చట్టంలో దాన్ని చేర్చే సవరణ 2024లో గానీ రాలేదు. ఈ మధ్యకాలంలో చేరిన విద్యార్థులకు తమ పట్టా చెల్లుబాటు గురించి బెంగ తప్పలేదు. విజయనగరం విషయంలో చట్టం ముందు వచ్చింది, బోర్డు తర్వాత మారింది. సరైన వరస అదే.

ఆక్షేపకుడు: చట్టం తప్పనిసరి అన్న మాటతో పేచీ లేదు. చట్టం ఒక్కటే చాలదన్నదే ఇక్కడి అభ్యంతరం. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2002లో ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం తెచ్చి, దాని కింద నోటిఫికేషన్లు ఇచ్చుకుంటూ పోయింది. కొద్దికాలంలోనే 112 విశ్వవిద్యాలయాలు కాగితం మీద పుట్టాయి. వాటిలో చాలావాటికి తరగతి గది కూడా లేదు. ప్రొఫెసర్ యశ్‌పాల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2005లో ఆ చట్టంలోని కీలక సెక్షన్లను కొట్టేసింది. బోధనకూ పరిశోధనకూ వసతి లేనిదాన్ని విశ్వవిద్యాలయం అనడం కుదరదన్నదే ఆ తీర్పు సారం. ఉన్నత విద్యలో ప్రమాణాల సంగతి కేంద్ర జాబితా 66వ అంశం కిందికి వస్తుంది కాబట్టి, శాసనసభ అధికారానికీ ఒక హద్దు ఉంది.

సమర్థకుడు: ఆ పోలిక ఇక్కడ అతకదు. అక్కడ భూమి లేదు, భవనం లేదు, విద్యార్థి లేడు. ద్వారపూడిలో చట్టం వచ్చేనాటికే ప్రాంగణం ఉంది, ల్యాబులు ఉన్నాయి, చదువు ముగించి వెళ్లిన బ్యాచులు ఉన్నాయి. నడుస్తున్న సంస్థకే శాసనసభ హోదా ఇచ్చింది.

ప్రాంతం అడిగే న్యాయం

సమర్థకుడు: ఉత్తరాంధ్ర కోరికకు ఒక చరిత్ర ఉంది. ఉమ్మడి మద్రాసు ప్రభుత్వం 1946లో ‘విశాఖపట్నం ఇంజనీరింగ్ కళాశాల’ అనే పేరుతో ఒక సంస్థను మంజూరు చేసింది. తాత్కాలికమంటూ దాన్ని కాకినాడలో మొదలుపెట్టారు, అది అక్కడే స్థిరపడింది. 1972లో జేఎన్‌టీయూ ఏర్పడినప్పుడు అనంతపురం, హైదరాబాదు కళాశాలలతో పాటు అందులో చేరిందీ, 2008లో కాకినాడ జేఎన్‌టీయూగా ఎదిగిందీ ఆ కళాశాలే. విశాఖ పేరుతో వచ్చిన సంస్థ కాకినాడలో విశ్వవిద్యాలయమైతే, ఉత్తరాంధ్ర కళాశాలలన్నీ దానికి అనుబంధాలయ్యాయి. అలాంటి ప్రాంతం ఒక సాంకేతిక విశ్వవిద్యాలయం అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

తెలుగువారి విశ్వవిద్యాలయాల చరిత్ర మొత్తం ఈ దారిలోనే నడిచింది. మద్రాసు చాలదని 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం తెచ్చుకున్నారు. దాని కేంద్రం బెజవాడలో ఉండాలా, రాజమండ్రిలోనా, విశాఖలోనా అని ఏళ్ల తరబడి తగువు సాగింది. అది తమకు దూరమని రాయలసీమ కళాశాలలు మద్రాసు వైపే మొగ్గాయి. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలన్న మాట చేరడానికి కారణం అదే. విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్లో గ్రంథాలయం పెరుగుతుంది, పుస్తకాల దుకాణాలు వస్తాయి, చదువుకున్న కుటుంబాలు స్థిరపడతాయి. ఆ లాభం ఒక్క ఊరికే పోగుపడితే మిగతా ప్రాంతం అడగక ఏం చేస్తుంది?

ఆక్షేపకుడు: చరిత్ర నిజమే. అయితే 1946 నాటి ఉత్తరాంధ్ర వేరు, ఇప్పటి ఉత్తరాంధ్ర వేరు. విజయనగరం నుంచి గంటన్నర ప్రయాణంలో వందేళ్ల చరిత్ర ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. దానికి పేరున్న ఇంజనీరింగ్ కళాశాలా ఉంది. ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది. 2019లో పార్లమెంటు చేసిన చట్టంతో విజయనగరానికే కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. ప్రైవేటు విశ్వవిద్యాలయాలు సరేసరి. ఇన్ని ఉండగా మరో పాలక మండలిని, మరో రిజిస్ట్రార్ కార్యాలయాన్ని నిలబెట్టే బదులు, ఉన్న కళాశాలకే పది శాఖలు చేర్చి ఉంటే ప్రాంతానికి ఎక్కువ మేలు జరిగేది.

సమర్థకుడు: శాఖలు చేర్చాలని అడగడానికైనా అధికారం ఉన్న పాలక మండలి కావాలి కదా! ఒక విశ్వవిద్యాలయానికి దూరపు కళాశాలగా ఉన్నంతకాలం బడ్జెట్‌లో దాని వంతు చివరే. కొత్త కోర్సుకు అనుమతి, కొత్త ల్యాబుకు టెండరు, అధ్యాపకుడి బదిలీ అన్నీ కాకినాడలో తేలాలి. కాకినాడకు ముందు తన ప్రాంగణం ముఖ్యం. అందులో తప్పు లేదు. విజయనగరానికీ తనదంటూ ఒక బడ్జెట్, తన గురించే ఆలోచించే మండలి ఉండాలి.

విద్యార్థికి మారేది

సమర్థకుడు: శ్రీకాకుళం జిల్లాలో బీటెక్ ముగించిన ఒక అమ్మాయిని తీసుకోండి. బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, కన్సాలిడేటెడ్ మార్కుల మెమోలో మొదటి అక్షరమే ఉంది. దాన్ని సరిచేయించుకోవాలంటే కళాశాల ప్రిన్సిపాల్ లేఖ, అఫిడవిట్, చలానా పట్టుకుని పరీక్షల విభాగానికి వెళ్లాలి. అది కాకినాడలో ఉంటే రానూపోనూ ఒక రోజు పూర్తిగా పోతుంది. ఏ కాగితమైనా తక్కువైతే రెండో రోజు. విజయనగరంలో ఉంటే పూటలో పని తెములుతుంది. ఆడపిల్లను ఒంటరిగా అంత దూరం పంపడానికి వెనకాడే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అమెరికాకు దరఖాస్తు పెట్టేవారికి ట్రాన్స్‌క్రిప్టులు, రీవాల్యుయేషన్ అడిగేవారికి గడువులు, ప్రొవిజనల్ పోగొట్టుకున్నవారికి డూప్లికేటు, ఇలా విశ్వవిద్యాలయంతో విద్యార్థికి పడే పనులు చాలానే ఉంటాయి.

ఆక్షేపకుడు: ఇవన్నీ పరీక్షల విభాగం చేసే పనులు. వాటికి ప్రాంతీయ కార్యాలయం ఒకటి తెరిచినా సరిపోతుంది. దరఖాస్తులు ఆన్‌లైన్‌లో తీసుకుని పట్టా తపాలాలో పంపినా సరిపోతుంది. విశ్వవిద్యాలయం అన్నది సర్టిఫికెట్లు ఇచ్చే కౌంటరు కాదు.

పైగా కొత్త సంస్థ పట్టాకు కొత్త చిక్కులున్నాయి. ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ గుర్తింపుకు దరఖాస్తు పెట్టాలంటే రెండు బ్యాచులు బయటికి రావాలి, లేదా ఆరేళ్లు నిండాలి. 1972 జూన్ 17 తర్వాత పుట్టిన విశ్వవిద్యాలయాలకు కేంద్ర గ్రాంట్లు రావాలంటే యూజీసీ చట్టంలోని 12బి సెక్షన్ కింద అర్హత తెచ్చుకోవాలి. అందుకు బోధన సిబ్బందినీ వసతులనూ చూపాలి. అంటే పసి విశ్వవిద్యాలయానికి డబ్బు ఎక్కువ అవసరమైన మొదటి ఏళ్లలోనే ఆ తలుపు మూసి ఉంటుంది. తల్లి సంస్థతో ఉంటే ఈ ఇబ్బంది ఉండదు.

సమర్థకుడు: అందుకే కొత్త సంస్థకూ జేఎన్‌టీయూ పేరే కొనసాగింది. కంపెనీల వాళ్లకు ఆ పేరు తెలుసు. మధ్యలో ఉన్న బ్యాచులకు ఏ విశ్వవిద్యాలయం పట్టా ఇస్తుందన్న సంగతి ఇలాంటి చట్టాల్లోని మార్పుకాలపు నిబంధనలు తేల్చాలి. ఆ నిబంధన స్పష్టంగా ఉంటే గందరగోళం ఉండదు. న్యాక్, 12బి అర్హతలు ఆలస్యంగా వస్తాయన్నది నిజం. ఆ ఆలస్యం ప్రతి విశ్వవిద్యాలయానికీ తప్పలేదు. ఎప్పుడో ఒకప్పుడు మొదలుపెట్టకపోతే అవి ఎప్పటికీ రావు.

అనుబంధ కళాశాలల సొమ్ము

ఆక్షేపకుడు: ఈ విశ్వవిద్యాలయాలు దేని మీద బతుకుతున్నాయో చూడండి. ప్రభుత్వం ఇచ్చే బ్లాక్ గ్రాంటు జీతాలకూ పెన్షన్లకూ పోతుంది. మిగతా ఖర్చుకు ప్రైవేటు కళాశాలలు కట్టే అనుబంధ రుసుము, విద్యార్థులు కట్టే పరీక్ష ఫీజులే దిక్కు. ఏటా ఆ కళాశాలలకు తనిఖీ కమిటీని పంపి, అధ్యాపకులు ఉన్నారా, ల్యాబులు ఉన్నాయా అని చూడాల్సింది ఈ విశ్వవిద్యాలయమే. తనిఖీలో నెగ్గని కళాశాలకు సీట్లు కోస్తే విశ్వవిద్యాలయం రాబడే తగ్గుతుంది. రుసుము ఎవరి దగ్గర తీసుకుంటుందో వారినే నిలదీయాల్సి రావడం ఈ పద్ధతిలోని పెద్ద లోపం. పరిధి చిన్నదయ్యే కొద్దీ ఒక్కో కళాశాల మీద ఆధారపడటం పెరుగుతుంది.

2020 జాతీయ విద్యావిధానం అనుబంధ పద్ధతిని పదిహేనేళ్లలో క్రమంగా ఎత్తేయాలంది. కళాశాలలు స్వయంప్రతిపత్తి సాధించి పట్టాలు తామే ఇచ్చుకునే స్థితికి రావాలన్నది దాని లక్ష్యం. ఆ విధానం వచ్చాక మళ్లీ అనుబంధాల మీద నడిచే విశ్వవిద్యాలయాన్ని పుట్టించడం ఎదురీతే.

సమర్థకుడు: పరిధి పెద్దదైతే తనిఖీ బాగుంటుందన్న భరోసా ఏమిటి? 2008కి ముందు ఒకే జేఎన్‌టీయూ శ్రీకాకుళం నుంచి ఆదిలాబాదు, అనంతపురం దాకా కళాశాలలను చూడాల్సి వచ్చేది. ఊరూరా ఇంజనీరింగ్ కళాశాలలు వెలిసిన రోజులవి. ప్రశ్నపత్రాల ముద్రణ, మూల్యాంకనం, ఫలితాలు, అన్నీ ఒకేచోట కుప్పపడేవి. చట్టం దాన్ని విడగొట్టడానికి ఆ బరువే కారణం. చిన్న పరిధిలో కళాశాల పరిస్థితి నలుగురికీ తెలుస్తుంది. ఒక అధ్యాపకుడి పేరు రెండు కళాశాలల జాబితాల్లో కనిపిస్తే పట్టుకోవడం తేలిక. రాబడి గురించిన అభ్యంతరం మాత్రం సబబే. దానికి మందు ప్రభుత్వ గ్రాంటు పెంచడం. విశ్వవిద్యాలయాన్ని వద్దనడం కాదు.

ఆచార్యులు లేని హోదా

ఆక్షేపకుడు: అసలు ప్రశ్న ఇక్కడుంది. చట్టం ఉపకులపతిని ఇస్తుంది, రిజిస్ట్రార్‌ను ఇస్తుంది, పరీక్షల నియంత్రణాధికారిని, డైరెక్టర్లను ఇస్తుంది. కులపతిగా గవర్నర్ ఉంటారు. ఇంతమందిని ఇచ్చిన చట్టం ఒక్క ప్రొఫెసర్‌నైనా ఇవ్వదు. ఆంధ్రప్రదేశ్‌లోని రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఖాళీల భర్తీకి ప్రభుత్వం 2023లో మూడువేలకు పైగా పోస్టులతో ప్రక్రియ మొదలుపెట్టింది. ఖాళీలు ఎంతగా పేరుకుపోయాయో ఆ సంఖ్యే చెబుతుంది. ఆ ప్రక్రియ కూడా కోర్టు వివాదాల్లో చిక్కుకుంది. పాత విశ్వవిద్యాలయాలకే దిక్కులేనప్పుడు కొత్తదానికి ఎవరు వస్తారు? కాంట్రాక్టు, అడ్‌హాక్, గెస్టు అధ్యాపకుల మీదే తరగతులు నడుస్తాయి.

దాని ఫలితం పరిశోధనలో లెక్క వేసి చూడవచ్చు. యూజీసీ నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మంది పీహెచ్‌డీ విద్యార్థులకు, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి మార్గదర్శనం చేయకూడదు. మార్గదర్శి శాశ్వత ఉద్యోగి అయి ఉండాలి. ఒక శాఖలో ఇద్దరే శాశ్వత అసిస్టెంట్ ప్రొఫెసర్లు ఉన్నారనుకుంటే, ఆ శాఖలో పరిశోధకులు ఎనిమిది మందికి మించరు. మిగతా అధ్యాపకులు ఎంత చదువుకున్నవారైనా, కాంట్రాక్టులో ఉన్నారు కాబట్టి వారి కింద ఒక్కరూ చేరలేరు. పరిశోధన లేని విశ్వవిద్యాలయం పరీక్షలు పెట్టే బోర్డుగా మిగిలిపోతుంది.

సమర్థకుడు: ఈ లెక్క కాదనలేనిది. అయితే ఖాళీల తప్పు చట్టానిది కాదు, పోస్టులు నింపని ప్రభుత్వాలది. కళాశాలగానే ఉంచితే పోస్టులు వస్తాయా? 2007 నుంచి 2022 దాకా అది కళాశాలే కదా! కాంట్రాక్టు పద్ధతి అప్పుడూ ఉంది. విశ్వవిద్యాలయమైతే ఖాళీలు శాసనసభలో ప్రశ్నకు వస్తాయి, ఆడిట్‌లో కనిపిస్తాయి, న్యాక్ బృందం అడుగుతుంది. కళాశాల ఖాళీలు తల్లి విశ్వవిద్యాలయం పట్టికలో ఒక వరసగా మరుగున పడతాయి.

స్వయంప్రతిపత్తి చాలదా?

ఆక్షేపకుడు: మధ్యేమార్గం ఒకటుంది. కళాశాలకు యూజీసీ స్వయంప్రతిపత్తి ఇస్తుంది. సిలబస్ తానే రాసుకోవచ్చు, పరీక్షలు తానే పెట్టుకోవచ్చు, మూల్యాంకనం తానే చేసుకోవచ్చు. పట్టా మాత్రం తల్లి విశ్వవిద్యాలయం ఇస్తుంది. కొత్త పరిపాలన ఖర్చు లేకుండా చదువులో స్వేచ్ఛ దొరుకుతుంది. ఆ స్వేచ్ఛను కొన్నేళ్లు నిలబెట్టుకున్న కళాశాలనే తర్వాత విశ్వవిద్యాలయం చేయాలి.

కటక్‌లోని రావెన్‌షా కళాశాల 1868 నాటిది, 2006లో విశ్వవిద్యాలయమైంది. కోల్‌కతాలోని 1817 నాటి హిందూ కళాశాల 1855లో ప్రెసిడెన్సీ కళాశాలగా మారి, 2010 చట్టంతో ప్రెసిడెన్సీ విశ్వవిద్యాలయమైంది. ఆ రెండింటికీ అప్పటికే పీజీ శాఖలు, పరిశోధకులు, పేరున్న పూర్వ విద్యార్థులు ఉన్నారు. పదిహేనేళ్ల కళాశాలకు ఆ బలం ఎక్కడిది?

సమర్థకుడు: వందేళ్లు నిండితేనే హోదా అంటే వెనకబడిన జిల్లాకు ఎప్పటికీ రాదు. ఆ జిల్లాలో కళాశాల పెట్టడమే ఆలస్యమైంది. ఆ ఆలస్యాన్నే కారణం చూపి మళ్లీ ఆలస్యం చేయడం రెండో అన్యాయం. అంత పెద్ద చరిత్ర ఉన్న ప్రెసిడెన్సీలో కూడా మార్పు సాఫీగా జరగలేదు. ప్రభుత్వ కళాశాల సర్వీసులోని అధ్యాపకులు విశ్వవిద్యాలయ సర్వీసులోకి రావాలంటే మళ్లీ ఎంపికకు నిలబడాల్సి వచ్చింది. చరిత్ర ఉన్నంత మాత్రాన సిబ్బంది సమస్య తీరదని అది చెబుతోంది. స్వయంప్రతిపత్తి మంచిదే గానీ, దానితో కొత్త పోస్టులు రావు, సొంత బడ్జెట్ రాదు, చుట్టుపక్కల కళాశాలల చదువును సరిచేసే అధికారం రాదు.

ఆక్షేపకుడు: ప్రెసిడెన్సీ నుంచి నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. అది అనుబంధ కళాశాలలను తలకెత్తుకోలేదు. తన ప్రాంగణంలో చెప్పే చదువు, చేసే పరిశోధన మీదే నిలిచింది. విజయనగరం మొదటిరోజు నుంచే మూడు జిల్లాల పరీక్షల భారం ఎత్తుకుంది. ఉన్న కొద్దిమంది శాశ్వత అధ్యాపకులే డైరెక్టర్లూ నియంత్రణాధికారులూ అయితే పాఠం ఎవరు చెప్పాలి?

బిల్లులో రాయాల్సినవి

ఈ చోట రెండు పక్షాలూ ఒక అంగీకారానికి వస్తాయి. హోదా ఇచ్చే బిల్లు హోదాతోనే ఆగిపోకూడదు. ఖజానా మీద భారం పడే ప్రతి బిల్లుకూ ఆర్థిక మెమోరాండం జత చేస్తారు. రాజ్యాంగం 207వ అధికరణం ప్రకారం గవర్నర్ సిఫారసు కూడా కావాలి. ఆ మెమోరాండంలో ఏటా ఎంత గ్రాంటు, ఎన్నేళ్లపాటు అన్నది అంకెల్లో ఉండాలి. ఎన్ని శాశ్వత బోధన పోస్టులు, ఎప్పటిలోగా నింపాలి అన్నది షెడ్యూలుగా చట్టంలోనే చేరాలి. మధ్యలో ఉన్న విద్యార్థులకు ఎవరు పట్టా ఇస్తారో, పాత రికార్డులు ఎవరి దగ్గర ఉంటాయో సందేహం మిగలకుండా రాయాలి. సిబ్బంది సర్వీసు, పెన్షన్ బాధ్యత తల్లి సంస్థకూ కొత్త సంస్థకూ మధ్య ఎలా పంచుకోవాలో తేల్చాలి. అనుబంధ రుసుమును తనిఖీ చేసే విభాగం చేతికి అందని ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. పరీక్షల పరిపాలనకు వేరే సిబ్బందిని ఇచ్చి, ఆచార్యులను తరగతికీ ప్రయోగశాలకూ వదిలేయాలి.

భేదం వరస దగ్గర మిగులుతుంది. పోస్టులు నింపి, పీజీ శాఖలు నడిపి, ఆ తర్వాతే బిల్లు తేవాలంటాడు ఆక్షేపకుడు. చట్టం చేశాక పోస్టుల కోసం ప్రభుత్వాన్ని నిలదీయవచ్చు, చట్టమే లేకపోతే నిలదీయడానికి ఆధారమే ఉండదంటాడు సమర్థకుడు. విజయనగరం విషయంలో చట్టం ముందు వచ్చేసింది కాబట్టి, ఇప్పుడు ఇద్దరి డిమాండూ ఒకటే కావాలి: ఆ చట్టానికి తగిన ఆచార్యులను, డబ్బును శాసనసభ ఇవ్వాలి. పీజీ కేంద్రాలనూ కళాశాలలనూ విశ్వవిద్యాలయాలుగా మార్చిన ప్రతి ప్రభుత్వం మీదా ఉన్న బాకీ ఇది. శాశ్వత అధ్యాపకులు ఎందరు చేరారు, పరిశోధకులు ఎందరు పట్టా పొందారు, సొంత గ్రాంటు మీద ఎంత నడిచింది అనే మూడు లెక్కలను అయిదేళ్లకోసారి ప్రతి కొత్త విశ్వవిద్యాలయం నుంచి శాసనసభ తెప్పించుకుని బహిరంగంగా చర్చించాలి. హోదా ఇచ్చిన సభకు ఆ హోదా నిలబడిందో లేదో చూసే బాధ్యతా ఉంటుంది.